చూసేవాళ్ళు లేని ముక్క

నా జబ్బును మొదట కనిపెట్టింది పళ్ళ డాక్టరు. చల్లటి నీళ్ళు తగిలితే పై పళ్ళు జివ్వుమంటున్నాయని మద్దిలపాలెంలోని ఒక క్లినిక్‌కు వెళ్ళాను. ఆయన చిన్న అద్దాన్ని నోట్లోకి పోనిచ్చి, ముందు పళ్ళ బయటి వైపును వదిలేసి, నాలుక తగిలే లోపలి వైపును చాలాసేపు చూశారు. తరువాత గ్లవ్స్ విప్పి, అసిస్టెంట్‌ను ఏదో పని మీద బయటికి పంపి, "మీకు తరచుగా వాంతులవుతుంటాయా?" అని అడిగారు. ఎసిడిటీ ఉందన్నాను. "ఎసిడిటీ వల్ల కూడా పళ్ళు ఇలా అరగవచ్చు. కానీ వేళ్ళ కణుపుల మీద ఆ మచ్చలు ఎసిడిటీ వల్ల రావు కదండీ" అన్నారు, నా కుడి చేతి వైపు చూడకుండానే. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని, ముఖం మీద లైటు పడుతూ ఉండగా, ఆరేళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలియని విషయాన్ని ఒక అపరిచితుడు ఐదు నిమిషాల్లో చదివేశాడని నాకు అర్థమయింది.

అప్పటికి నాకు 33 ఏళ్ళు. విశాఖపట్నంలోని ఒక స్థానిక కేబుల్ చానల్‌లో సాయంత్రం వార్తలు చదివేవాణ్ణి. మాది విజయనగరం వైపు పల్లె. నాన్నగారు పోయాక అమ్మ నాతోనే కంచరపాలెంలో ఉంటోంది. నేను బాగా తింటాను, ఒక్కొక్కసారి ఇద్దరు మనుషుల తిండి తింటాను, అయినా ఒళ్ళు చేయను అన్నది మా చుట్టాల్లో చాలాకాలంగా ఉన్న వేడుక మాట. అమ్మ మాత్రం వేడుకగా అనేది కాదు. "ఏట్రా, ఇంత తిని ఏటైపోతన్నాది ఒంట్లోకెల్లకుండా?" అనేది. జవాబు స్నానాల గది తలుపు వెనుక ఉంది. కుళాయి చప్పుడు దానిని కప్పేసేది.

ఈ వ్యాసంలో నా బరువు ఎంత ఉండేదో, ఎంత తినేవాణ్ణో, ఏం చేసేవాణ్ణో అంకెలతో రాయను. జబ్బుగా ఉన్న రోజుల్లో ఇలాంటి అనుభవ కథనాలు దొరికితే నేను మొదట వెతికింది ఆ అంకెలనే, మిగతా కథ చదివింది తక్కువ.

పళ్ళ డాక్టరు చీటీ రాసి ఒక ఫిజీషియన్ దగ్గరకు పంపారు. రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది, 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది. తరచూ వాంతి చేసుకునేవారి ఒంట్లో ముందుగా పడిపోయేది ఇదేననీ, అది పడిపోతే గుండె లయ తప్పవచ్చుననీ చెప్పి, వెంటనే ఈసీజీ తీయించారు. అక్కడి నుంచి మానసిక వైద్యుడి దగ్గరకు, ఆయన దగ్గర నుంచి ఎంవీపీ కాలనీలో ఉన్న ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళాను. జబ్బు పేరు బులీమియా నెర్వోసా అన్నారు. లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1979లో మొదటిసారిగా దీనిని విడిగా గుర్తించి వర్ణించారట. అదుపు తప్పి తినడం, దానిని ఏదో ఒక విధంగా ఒంట్లోంచి తీసేయాలని చూడడం, ఈ రెండూ వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు సాగితే 2013 నాటి డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి వైద్యులు వాడే అమెరికన్ మాన్యువల్) లెక్క ప్రకారం అది ఈ జబ్బే. నా లెక్క వారాల్లో చెప్పేది కాదు.

ఇది ఆడపిల్లలకు వచ్చే జబ్బు కదా అని నేను అడిగినప్పుడు సైకాలజిస్టు, "మగవాళ్ళు చెప్పుకోరు, అందుకని తక్కువగా కనబడుతుంది" అన్నారు. ఆమెను నేను మేడం అనేవాణ్ణి. ఆమె నన్ను చివరిదాకా మీరు అనే పిలిచారు. రెండో సెషన్‌లోనే నేను ఒక ఒప్పుకోలు లాంటిది చేశాను. నాకు నా మీద నాకే మోజు ఎక్కువ అని అక్క అంటుందనీ, ఆఫీసులో వెనకాల నన్ను "అద్దం బాబు" అంటారనీ, అందులో అబద్ధమేమీ లేదనీ చెప్పాను. బులెటిన్ అయిపోగానే రికార్డింగ్ పెట్టించుకుని నా ముఖాన్ని నేను రెండు మూడు సార్లు చూసుకునేవాణ్ణి. తోటి యాంకర్లు "ళ"ను "ల"గా పలికితే నవ్వేవాణ్ణి. బీచ్ రోడ్డులో నడుస్తుంటే ఎవరైనా గుర్తుపట్టి తల ఊపితే ఆ పూట ఆకలే వేసేది కాదు, రాత్రి భోజనం మానేసి ఎంతో గొప్ప పని చేసినట్టు పడుకునేవాణ్ణి. నన్ను నేను ఇంతగా ప్రేమించుకునే మనిషి తన ఒంటిని ఇలా ఎందుకు హింసించుకుంటాడో నాకు తెలియడం లేదని ఆమెతో అన్నాను.

ఆమె వెంటనే జవాబు చెప్పకుండా మూడు కాగితాలు ఇచ్చారు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి, ఎక్కడైనా అర్థం కాకపోతే తెలుగులో చెబుతానన్నారు. మొదటిది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పది వాక్యాల పత్రం. మనిషి తన విలువ గురించి తాను ఏమనుకుంటున్నాడో కొలిచేది. 30కి నాకు 11 వచ్చాయి. 15 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. రెండవది 1988లో ఖరారైన 40 జతల పత్రం. ప్రతి జతలోనూ మనకు దగ్గరగా ఉన్న వాక్యాన్ని ఎంచుకోవాలి. ఆత్మరతిని, అంటే నార్సిసిజాన్ని, కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది ఇదేనట. అందులో నాకు బాగా ఎక్కువ వస్తుందని నమ్మకంగా ఉన్నాను. మామూలుగా వచ్చింది. నవ్వకండి, ఆత్మరతిలో కూడా నేను నలుగురిలో ఒకణ్ణేనని తెలిసి నొచ్చుకున్నాను. మూడవది 1997 నాటిది, అది కూడా పది వాక్యాలదే. ఇతరుల చూపుకు, మాటకు, పట్టించుకోకపోవడానికి మనసు ఎంత సులువుగా గాయపడుతుందో అడుగుతుంది. దానిలో నాకు దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి.

అప్పుడు ఆమె వివరించినది నాకు ఇప్పటికీ దాదాపు మాట మాటా గుర్తుంది. ఆత్మరతికి రెండు ముఖాలున్నాయన్నారు. ఒకటి బాహాటంగా కనిపించేది: తానే గొప్ప అనుకోవడం, దాన్ని దాచుకోకపోవడం. ఈ రకం మనుషులు ఆత్మగౌరవ పత్రాల్లో తరచుగా బాగానే మార్కులు తెచ్చుకుంటారు. రెండవది లోపల దాగి ఉండేది: గొప్పవాణ్ణి కావాలి, కాకపోతే ఏమీ కానివాణ్ణి అనే భయం, అవమానానికి ఒళ్ళంతా చెవులై ఉండడం, ప్రతి ఎదుటి ముఖాన్నీ తీర్పుగా చదవడం. తిండి రుగ్మతల లక్షణాలతో అధ్యయనాల్లో ఎక్కువగా ముడిపడి కనిపిస్తున్నది ఈ రెండవ ముఖమేనని, దాని అడుగున దాదాపు ఎప్పుడూ తక్కువ స్వీయ విలువ ఉంటుందని అన్నారు. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పారు: ఇది స్వభావపు ఛాయ మాత్రమే, వ్యక్తిత్వ రుగ్మత అనే పేరు నాకు వర్తించదు, బులీమియా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ ఛాయ ఉండాలనీ లేదు. వంశపారంపర్యం, చిన్నప్పటి డైటింగ్, ఇంట్లో ఒళ్ళు గురించిన ఎకసెక్కాలు, ఎన్నో కలిసి ఈ జబ్బును తెస్తాయి. తిండి మానేసిన పిల్లను పట్టుకుని "నీకు నువ్వంటేనే పిచ్చి" అని ఇంట్లోవాళ్ళు అనడం ఆమె ఎన్నోసార్లు విన్నారట. ఆ మాట మందు కాదు సరికదా, ఉన్న గాయాన్నే కెలుకుతుందన్నారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి తప్పదు. మాటలతో బతికేవాణ్ణి గనుక "ఆత్మగౌరవం" అనే మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. 1982లో ఎన్టీఆర్ తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదంతో పార్టీ పెట్టినప్పటి నుంచి ఆ మాట వినగానే మనకు ఎవరో చేసిన అవమానం, దానికి ఎదురు తిరగడం స్ఫురిస్తాయి. మా ఇంట్లో దానికి వాడుక పేరు పరువు. పరువు అంటేనే పదిమంది ఇచ్చేది, పదిమంది తీసేసేది. రోజెన్‌బర్గ్ అడుగుతున్నది ఆ పదిమంది గదిలోంచి వెళ్ళిపోయాక ఏం మిగిలిందని. దానికి నా దగ్గర మాటే లేదు. సైకాలజిస్టు "స్వీయ విలువ" అనేవారు. ఆ మాట పాఠ్యపుస్తకంలా వినిపించినా, చివరికి దానితోనే సరిపెట్టుకున్నాను.

మరి జబ్బు ఎక్కడ అతుక్కుంది? నేను తొలిసారి వాంతి చేసుకున్నది స్టూడియోలో ఒకరు "ముఖం ఉబ్బినట్టుంది, కాస్త చూసుకోండి" అన్న రాత్రి. ఆ తరువాత ఏం జరిగిందో వినండి. తరచుగా వాంతి చేసుకునేవారికి చెవుల కింద, దవడల పక్కన ఉండే లాలాజల గ్రంథులు వాస్తాయి. బుగ్గలు నిండుగా, ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. నేను మానిటర్‌లో ఆ బుగ్గలు చూసుకుని ఇంకా కడుపు మాడ్చుకునేవాణ్ణి. మాడిన కడుపు అర్ధరాత్రి తిరగబడేది. తిన్నదానికి సిగ్గుపడి మళ్ళీ కుళాయి తిప్పేవాణ్ణి. తెల్లవారి బుగ్గలు ఇంకొంచెం నిండేవి. ముఖాన్ని కాపాడుకోవడానికి చేస్తున్న పనే ముఖాన్ని ఉబ్బిస్తున్నదని ఆరేళ్ళపాటు నాకు తెలియదు.

చికిత్స పేరు సీబీటీ-ఈ, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్సలో తిండి రుగ్మతల కోసం చేసిన రకం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం తీర్చిదిద్దిన పద్ధతి. బరువు మరీ పడిపోనివారికి సుమారు 20 వారాలు, 20 సెషన్లు. ఒంటి ఆకారాన్ని బట్టే తన మొత్తం విలువను కొలుచుకోవడం ఈ జబ్బులన్నిటికీ నడిమి దూలమని వాళ్ళ సిద్ధాంతం. 2003లో వాళ్ళు రాసిన దాంట్లో, కొందరిలో జబ్బు వదలకుండా పట్టి ఉంచేవిగా లోతైన తక్కువ స్వీయ విలువనూ, అన్నీ లోపం లేకుండా ఉండాలనే పట్టుదలనూ కూడా చేర్చారు. మానసిక వైద్యుడు దీనితోపాటు ఫ్లూఓక్సెటిన్ ఇచ్చి, మెల్లమెల్లగా 60 మిల్లీగ్రాములకు పెంచారు; డిప్రెషన్‌కు సాధారణంగా 20తో మొదలుపెట్టే మందే ఇది, బులీమియాకు ఎక్కువ మోతాదు కావాలట.

మొదటి పని ఒక నోటుబుక్కు. ఏం తిన్నాను, ఎన్ని గంటలకు, ఎక్కడ, అప్పుడు మనసులో ఏముంది అన్నది అప్పటికప్పుడు రాయాలి, రాత్రికి కలిపి రాయకూడదు. రెండవ పని ఆకలితో నిమిత్తం లేకుండా రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు సార్లు ఏదైనా కొంచెం; నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఇది వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నేను నోటుబుక్కులో రాసుకున్నది ఇలా ఉంది: "12.50, అన్నం, ఆనపకాయ పప్పు, పెరుగు. అమ్మ ఎదురుగా ఉంది. భయం. 1.30 వరకు హాల్లోనే కూర్చోవాలి. అమ్మ టీవీ పెట్టింది. చేతులు చెమట పడుతున్నాయి. 1.30. కూర్చున్నాను." ఆ నలభై నిమిషాల్లో టీవీలో ఏం వచ్చిందో అడిగితే చెప్పలేను, కానీ గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఏడు దగ్గర కొంచెం తడబడి కదులుతుందని మాత్రం చెప్పగలను.

రెండవ వారంలో బుగ్గల వాపు తగ్గకపోగా పెరిగింది. వాంతులు ఆపిన కొత్తలో అలా జరగవచ్చని ముందే హెచ్చరించారు. అయినా బులెటిన్‌కు ముందు మేకప్ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అది తగ్గడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది.

ఇంతలో కార్తీక మాసం వచ్చింది. ఈ మాట రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా రాస్తాను: ఉపవాసాలు నాకు దొరికిన గొప్ప ముసుగు. కార్తీక సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు, ఏది వచ్చినా నేను ఉపవాసమే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, సుమారు 32 కిలోమీటర్లు, వరసగా నాలుగేళ్ళు నడిచాను. ఆ నడకలో అప్పన్న స్వామి ఎంత ఉన్నాడో, తిన్నది అరగదీయాలన్న లెక్క ఎంత ఉందో నాకు మాత్రమే తెలుసు. భక్తి ఉన్నవాడని పేరు వచ్చింది. ఆ పేరు కూడా నాకు బాగానే రుచించింది. సైకాలజిస్టు ఈ ఏడాది ఉపవాసాలు వద్దన్నారు. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక, చివరికి మొత్తం విషయం చెప్పేశాను, కుళాయి సంగతితో సహా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "దేవుడికేటి, ఆడేటీ అనుకోడు. బేగి అన్నం తిను" అని కంచం పెట్టింది.

పదో వారం ప్రాంతంలో వృత్తం గీయమన్నారు. మనల్ని మనం దేన్ని బట్టి విలువ కట్టుకుంటామో ఆ అంశాలను ముక్కలుగా కోయాలి. ఏది చెడితే మనసు ఎక్కువ చెడుతుందో దానికి పెద్ద ముక్క. నా వృత్తంలో మూడు వంతులు "తెర మీద ముఖం, ఒళ్ళు". మిగిలిన వంతులో గొంతు, ఉచ్చారణ, మంచి కొడుకు అన్న పేరు, భక్తి. ఆమె పెన్సిల్‌తో ఒక్కొక్క ముక్క మీదా ఆగి, "దీనికి చూసేవాళ్ళు కావాలా?" అని అడుగుతూ వచ్చారు. ముఖానికి కావాలి. గొంతుకు వినేవాళ్ళు కావాలి. మంచి కొడుకు అనడానికి అనేవాళ్ళు కావాలి. భక్తికి కూడా, సిగ్గు పడుతూ, కావాలన్నాను. "చూసేవాళ్ళు అక్కరలేని ముక్క ఏదైనా ఉందా?" అన్నారు. వృత్తం నిండిపోయి ఉంది, అటువంటిది ఒక్కటీ లేదు.

నాకు ఆత్మరతికీ తిండికీ మధ్య ఉన్న దారి కనిపించింది ఆ కాగితం మీదనే. నేను అద్దంలో చూసుకున్నది నన్ను కాదు, ఎదుటివాళ్ళకు నేను ఎలా కనిపిస్తానో దానిని. నార్సిసస్ కథను రోమన్ కవి ఓవిడ్ చెప్పిన తీరు తరువాత చదివాను: కొలనులో కనిపిస్తున్నది తన నీడేనని అతనికి మొదట తెలియదు, ఇంకెవరో అనుకుని, తిండీ నిద్రా మరిచి, అక్కడే కూర్చుని శుష్కించిపోతాడు. అందరూ ఆ కథలో ప్రేమను చూస్తారు. నాకు తిండి మానేసిన మనిషే ముందు కనిపించాడు.

చూసేవాళ్ళు లేని ముక్క కోసం మేము కొన్ని వారాలు వెతికాం. ఈత, తోటపని, సంగీతం, ఏది మొదలుపెట్టినా రెండో రోజుకే దానిని ఎవరికి చూపిద్దామా అని ఆలోచించేవాణ్ణి. దొరికింది అనుకోకుండా దొరికింది. తిండి నోటుబుక్కులో అమ్మ అన్న మాటలు రాసేటప్పుడు, అలవాటు కొద్దీ వాటిని వార్తల భాషలోకి మార్చి రాస్తున్నానని గమనించాను. "బేగి" అన్నది నా రాతలో "త్వరగా" అయ్యేది, "కూకో" "కూర్చో" అయ్యేది. చానల్‌లో చేరిన కొత్తలో నా నోటి నుంచి "ఏటి" అని జారినందుకు ఒకరు అందరి ముందూ నవ్వారు. ఆ తరువాత ఆరు నెలలు గది తలుపు వేసుకుని నా యాసను ఒక్కొక్క మాట చొప్పున ఊడబెరుక్కున్నాను. తిండి కంటే ముందే నేను దాచడం నేర్చుకున్నది మాటను. నోటుబుక్కు వెనుక పేజీల నుంచి అమ్మ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయడం మొదలుపెట్టాను: ఒగ్గేయ్, గుంటడు, తొంగున్నాడు, చోడి అంబలి. ఎందుకు రాస్తున్నావని అమ్మ అడిగితే ఊరికే అన్నాను, నిజంగా ఊరికే. అది ఎవరికీ చూపించలేదు. ఈ వ్యాసంలో వాటి ప్రస్తావన తేవడం ఆ నియమాన్ని కొంచెం మీరడమేనని తెలుసు. అందుకే నాలుగు మాటల దగ్గర ఆపాను.

చికిత్స సాఫీగా సాగలేదు. పధ్నాలుగో వారంలో ఒక పెళ్ళిలో నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు, పైగా పక్కవాడిని చూసి "మీరు టీవీలో వస్తారు కదా?" అన్నారు. తిరుగు ప్రయాణంలో ద్వారకా బస్ స్టేషన్‌లో దిగేటప్పటికే నా చేతిలో రెండు స్వీట్ల పొట్లాలు ఉన్నాయి. ఆ రాత్రి మళ్ళీ కుళాయి తిప్పాను. మరుసటి సెషన్‌లో నేను పెళ్ళివాళ్ళ మీద, ఆ మనిషి మీద, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళిన బావ మీద అరగంట మాట్లాడాను. నాది ఏ తప్పూ లేదు, నేను ఎప్పుడూ అందరి కోసం సర్దుకుపోతాను అన్నాను. ఆమె విని, గాయపడిన గొప్పతనం తనను తాను కాపాడుకునే తీరు రెండు రకాలుగా ఉంటుందన్నారు: తప్పంతా వాళ్ళదే అనడం ఒకటి, నేను త్యాగమూర్తిని అనడం ఇంకొకటి. "మీరు ఈ అరగంటలో రెండూ వాడారు" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ వారం నోటుబుక్కులో ఆమె మీద ఉన్న కోపాన్ని గంటల ప్రకారం రాసి పట్టుకెళ్ళాను. చదివి, "తేదీ వేయడం మరిచారు" అన్నారు.

20 వారాలు 23 అయ్యాయి. చివరి రోజున రోజెన్‌బర్గ్ పత్రం మళ్ళీ నింపితే 17 వచ్చింది. మూడవ పత్రంలో మార్కులు తగ్గాయి కానీ ఆశించినంత కాదు. తిండి అలవాట్ల కంటే ఈ గుణం నెమ్మదిగా కదులుతుందని, జబ్బు తగ్గినవారిలో కూడా దీని జాడ మిగిలి ఉండడం 1997 నాటికే పరిశోధకులు గమనించారని ఆమె చెప్పారు. ఇప్పుడు ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో రెండుసార్లు తడబడ్డాను, రెండూ రాసి పెట్టాను. బులెటిన్ అయ్యాక రికార్డింగ్ చూడడం మానలేదు, కానీ ఒకసారికి తగ్గించాను. ఎవరికైనా ఎవరితోనూ చెప్పుకోలేని స్థితి ఉంటే, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

పళ్ళు మాత్రం మిగిలాయి. అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. పై వరుసలో నాలుగింటికి క్యాప్‌లు వేయాలన్నారు. మొన్న గురువారం మూడో సిట్టింగ్. కొలత అచ్చు గట్టిపడే వరకు నోరు తెరిచి ఉంచమని చెప్పి డాక్టరు పక్క గదిలోకి వెళ్ళారు. కొత్తగా చేరిన అసిస్టెంట్ అమ్మాయి లైటు సర్దుతూ నా ముఖం కేసి తేరిపార చూసి, "సార్, మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందండీ" అంది. నోటి నిండా అచ్చూ దూదీ ఉండడం వల్ల నేను జవాబు చెప్పలేకపోయాను.